మొటిమలకు వంటింటి మందు: రాస్తే ఏమైతది?

మా హాస్టల్ రూంలో ముగ్గురం. నాది జనగామ, ఒకడిది మానుకోట, అదే మహబూబాబాద్, ఇంకొకడిది భూపాలపల్లి. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడే దాకా మా ముగ్గురిదీ ఒకటే వరంగల్ జిల్లా. జిల్లాలు వేరైనా ముఖం మీది మొటిమలు మాత్రం ఇంకా ఉమ్మడి ఆస్తే! సెలవులకు ఇంటికి పోయి వచ్చినప్పుడల్లా ఒక్కొక్కరం ఒక్కో మందు మోసుకొస్తాం. మా బాపమ్మ పసుపు, శెనగపిండి కలిపి రాయమంటుంది. మానుకోటోడి అమ్మమ్మ వేపాకు నూరి పెట్టమంటుంది. భూపాలపల్లి వాడు అడవి తేనె సీసా పట్టుకొచ్చిండు. "రాస్తే ఏమైతది బిడ్డా? పోతే పోతయ్, లేకుంటే లేదు" అనే మాట మాత్రం ముగ్గురి ఇళ్లల్లోనూ ఒకటే.

నిజంగా, రాస్తే ఏమైతది? దానికి జవాబు వెతికే ప్రయత్నమే ఈ వ్యాసం.

మొటిమ ఎక్కడ పుడుతుంది?

ముఖం మీద ప్రతి సన్న వెంట్రుక మొదట్లో ఒక నూనె గ్రంథి ఉంటుంది. యుక్తవయసులో ఆండ్రోజన్ హార్మోన్లు పెరిగేసరికి ఆ గ్రంథి ఎక్కువ నూనె వదులుతుంది. అది బయటికి వచ్చే సన్నని దారిలో చనిపోయిన చర్మకణాలు అడ్డం పడితే, పైపు జామ్ అయినట్టు లోపలే ఆగిపోతుంది. ఆ నూనెలో క్యూటీబాక్టీరియం ఆక్నెస్ అనే బాక్టీరియా పెరుగుతుంది. దాని మీదికి మన శరీరం యుద్ధానికి దిగినప్పుడు కనిపించేవే ఎరుపు, వాపు, చీము.

అంటే జామ్ అయ్యేది లోపల, మనం రాసేది పైన. ఈ ఒక్క ముక్క గుర్తుంటే చాలు, ఏ చిట్కా ఎంతవరకు పనిచేస్తుందో మనమే అంచనా వేసుకోవచ్చు. ముక్కు మీది నల్ల చుక్కలు కూడా మురికి కాదు. రంధ్రంలో ఇరుక్కున్న పదార్థం గాలి తగిలి అట్లా నల్లబడుతుంది. ఎంత రుద్దినా పోకపోవడానికి కారణం అదే.

మచ్చలన్నీ ఒకటి కాదు

మొటిమ తగ్గినాక మిగిలే నల్ల మచ్చ వేరు, బుగ్గల మీద గోధుమరంగులో పరుచుకునే మంగు వేరు, తెల్లగా వచ్చే శోభి వేరు, గుండ్రంగా దురద పెట్టే తామర వేరు. శోభి, తామర రెండూ ఫంగస్ వల్ల వచ్చేవి. వాటికి మొటిమల మందు రాస్తే ఫలితం ఉండదు. మొటిమ వదిలిన నల్ల మచ్చ మనలాంటి చామనఛాయ చర్మంలో ఎక్కువగా కనిపిస్తుంది, ఎందుకంటే వాపు వచ్చిన చోట మెలనిన్ ఎక్కువ తయారవుతుంది. గిల్లకుండా, ఎండ తగలకుండా చూసుకుంటే కొన్ని నెలల్లో చాలావరకు అదే తేలికపడుతుంది. గిల్లితే మాత్రం గుంట పడుతుంది. రంగు తగ్గినట్టు గుంట పూడదు.

ఇప్పుడు మా రూంలోని మందులు

పసుపు: ఇందులోని కుర్కుమిన్‌కు వాపు తగ్గించే గుణం ఉంది. కానీ చర్మం లోపలికి చాలా తక్కువ ఇంకుతుంది. కాబట్టి హాని తక్కువ, ఆశ కూడా తక్కువే పెట్టుకోవాలి. విడిగా అమ్మే పసుపు పొడిలో రంగులు కలిపే కల్తీ ఉంటుంది. ఇంట్లో కొమ్ములు దంచినదైతే మేలు.

శెనగపిండి, ముల్తానీ మట్టి: పైన ఉన్న జిడ్డును పీలుస్తాయి. వారానికి ఒకటి రెండుసార్లు, పది నిమిషాలు చాలు. పూర్తిగా ఎండి బిగుసుకునే దాకా ఉంచి, తర్వాత బరబరా రుద్దితే ఉన్న మొటిమలు చిట్లుతాయి.

వేపాకు: బాక్టీరియాను తగ్గించే గుణం దీనికి ఉన్నట్టు ప్రయోగశాలల్లో తేలింది. ఆకులు మరిగించి చల్లార్చిన నీళ్లతో కడుక్కోవచ్చు. మంట, దురద వస్తే ఆపేయాలి.

తేనె: పుండ్ల మీద పనిచేస్తుందన్నది నిజం. అయితే న్యూజిలాండ్‌లో కానుకా అనే చెట్టు పూల తేనెను మొటిమల మీద పరీక్షించి 2016లో ఫలితాలు వెలువరించారు. బాక్టీరియాను చంపే సబ్బుకు తోడుగా ఆ తేనె రాసినా అదనపు లాభం కనిపించలేదు. మావాడి సీసాను ఇప్పుడు రొట్టెలకు వాడుతున్నం.

కలబంద: మంటను చల్లారుస్తుంది. ఆకు కోసినాక కారే పసుపు రంగు జిగురును పూర్తిగా వార్చేసి, లోపలి తెల్ల గుజ్జే వాడాలి. ఆ జిగురు కొందరికి పడదు.

కొబ్బరినూనె, మీగడ: మొటిమలున్న ముఖానికి వద్దు. దారి ఇంకా మూసుకుపోతుంది. తలకు నూనె బాగా పెట్టుకుని పడుకునే వాళ్లకు నుదుటి మీద మొటిమలు రావడం వెనక కూడా ఇదే సంగతి ఉండొచ్చు. దిండు గలీబు వారానికోసారైనా ఉతకండి.

అస్సలు వద్దనేవి

నిమ్మకాయ రసం పీహెచ్ సుమారు 2. చర్మం పీహెచ్ 5 దగ్గర. తేడా మూడే కదా అనుకోకండి, లాగరిథమ్ స్కేలు మనం చదువుకున్నదే: వెయ్యి రెట్లు ఎక్కువ ఆమ్లం! పైగా నిమ్మరసం పూసుకుని ఎండలోకి పోతే చర్మం కాలినట్టై కొత్త మచ్చలు పడతాయి. వంటసోడా దీనికి వ్యతిరేకం. క్షారం కాబట్టి చర్మం మీది సహజమైన రక్షణ పొరను దెబ్బతీస్తుంది. టూత్‌పేస్ట్ పళ్ల కోసం తయారైంది, దాన్ని అక్కడే ఉంచుదాం.

అసలు ప్రమాదం వంటింట్లో లేదు

వంటింటి మందు పనిచేయకపోతే మనవాళ్లు తర్వాత పోయేది మెడికల్ షాపుకు. "ముఖానికి ఏదన్నా క్రీం ఇయ్యన్నా" అని అడిగితే ఒక ట్యూబు చేతికొస్తుంది. మా బ్యాచ్‌లో ఒకమ్మాయికి అట్లాగే జరిగింది. పది రోజుల్లో ముఖం తెల్లగా, నున్నగా అయ్యింది. అందరూ మెచ్చుకున్నరు. నాలుగు నెలల తర్వాత క్రీం ఆపితే ముఖమంతా ఎర్రబడి, మంట, ముందుకంటే ఎక్కువ మొటిమలు. ఆన్‌లైన్ క్లాసుల్లో కెమెరా ఆన్ చేయడం మానేసింది. అందులో ఉన్నది స్టెరాయిడ్.

స్టెరాయిడ్ వాపును వెంటనే అణచేస్తుంది కాబట్టి మొదట్లో అద్భుతంగా అనిపిస్తుంది. నెలల తరబడి ముఖానికి రాస్తే చర్మం పలచబడుతుంది, రక్తనాళాలు బయటికి కనిపిస్తాయి, అవాంఛిత రోమాలు వస్తాయి. అందుకే కేంద్ర ప్రభుత్వం 2018లో 14 రకాల స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. ట్యూబు వెనక సన్నటి అక్షరాలు చదవండి. బీటామెథాసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్, ఫ్లూఓసినోలోన్, వీటిలో ఏ పేరున్నా డాక్టర్ చెప్పకుండా ముఖానికి రాయొద్దు.

మరి పనిచేసేవి?

రోజుకు రెండుసార్లు ఘాటు లేని ఫేస్‌వాష్. లోపలి బాక్టీరియాను చంపడానికి 2.5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్, కొద్దికొద్దిగా. టవల్ రంగు పోతుంది, తెల్లది వాడండి. దారి మూసుకుపోకుండా ఉంచడానికి రాత్రిపూట అడాపలీన్, ఇది డాక్టర్ని అడిగే; గర్భిణులు వాడకూడదు. ఏదైనా సరే ఫలితం కనిపించడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. వారానికో చిట్కా మారిస్తే ఏదీ పనిచేయదు.

మొటిమలు మరీ తీవ్రమైతే డాక్టర్లు డాక్సీసైక్లిన్ రాస్తారు. అది టెట్రాసైక్లిన్ కుటుంబపు మందు. ఆ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో వెలుగులోకి వచ్చింది అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల నుంచి. అప్పుడు అక్కడ పరిశోధనలకు నాయకత్వం వహించినవారు మన యల్లాప్రగడ సుబ్బారావు గారు.

చర్మం డాక్టర్ అంటే హైదరాబాద్, వేలల్లో ఫీజు అనుకునే రోజులు పోయాయి. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. వాటి అనుబంధ దవాఖానల్లో ఓపీ చీటీ రాయించుకుని చర్మవ్యాధుల డాక్టర్ ఎప్పుడు కూర్చుంటారో అడగండి. గడ్డల్లాంటి మొటిమలున్నా, గుంటలు పడుతున్నా, అమ్మాయిలకు నెలసరి తప్పుతూ మొటిమలు పెరుగుతున్నా ఆలస్యం చేయొద్దు. పోయేటప్పుడు ఇన్నాళ్లూ రాసిన ట్యూబులన్నీ సంచిలో వేసుకుపోండి. డాక్టర్ మొదట అడిగేది అవే.