బీకరు మూతిని గీయుట ఎట్లు?

విద్యార్థుల ప్రయోగ పుస్తకములలో బీకరు మూతి తరచు ఇరుకొనల మొనదేలి చేపవలె కనిపించును. రెండు చాపములను జోడించిన చాలునను భావమే ఈ దోషమునకు మూలము. వృత్తమును ఏటవాలుగా చూచిన కనిపించునది దీర్ఘవృత్తము. దానికి మొనలు లేవు. కొనలు కూడ గుండ్రముగనే మలుపు తిరుగును.

ఈ దీర్ఘవృత్తము ఎంత సన్నముగా నుండవలెనో లెక్క కలదు. కొంత దూరము నుండి చూచునపుడు, చూపు మూతితలముతో 30 డిగ్రీల కోణము చేసినచో, ఆ కోణము సైను 1/2 కనుక, బొమ్మలో 8 సెంటీమీటర్ల నిడివికి 4 సెంటీమీటర్ల వెడల్పు చాలును. మూతి కంటిమట్టమునకు వచ్చినచో సరళరేఖ యగును. అడుగు కంటికి మరింత దిగువనుండును గనుక మూతికన్న గుండ్రముగా గీయవలెను. పలువురు దానిని తిన్నని గీతతో ముగింతురు; నిలువుకోత పటములో మాత్రమే అది ఒప్పు.

అభ్యాసము సరళరేఖతో ఆరంభించుట మేలు. రెండు చుక్కలు పెట్టి, మణికట్టును కాక మోచేతిని, భుజమును కదల్చుచు ఒక్క ఊపున కలుపవలెను. పిదప ఘనాకారపు పెట్టె. వెనుకకు పోవు అంచులు దూరమున ఒకే బిందువును చేరునట్లు గీచి, పై ముఖమున కర్ణములు గీచినచో వాని ఖండనబిందువు ఆ ముఖమునకు మధ్యస్థానము. దాని మీదుగా అంచుల దిశలలో గీచిన రేఖలు నాలుగు అంచులను తాకుచోట్లనే దీర్ఘవృత్తము కూడ తాకవలెను. పెన్సిలును ముందు గాలిలో రెండు మూడు సారులు త్రిప్పి, ఆ వేగముతోనే కాగితమునకు ఆన్చిన కొనలు మొనదేలవు.