మిక్సీకి వీసా అక్కర్లేదు, వోల్టేజీ కావాలి: అపోహలు – వాస్తవాలు

జూన్, జులై నెలలు వచ్చాయంటే అద్దంకి చుట్టుపక్కల ఊళ్లలో ఈ ఇంట్లో కాకపోతే ఆ ఇంట్లో మంచం మీద సూట్‌కేసులు తెరిచి ఉంటాయి. ఆగస్టులో అమెరికా చదువులు, సెప్టెంబరులో ఇంగ్లండ్ చదువులు మొదలవుతాయి. మిల్లులో పట్టించిన కారం, గోంగూర పచ్చడి, కందిపొడి ఒక సూట్‌కేసులో సర్దేస్తారు. వాటి మీద ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా రెండో సూట్‌కేసు దగ్గరే. మిక్సీ పెట్టాలా వద్దా? రైస్ కుక్కర్ సంగతేమిటి? ఇస్త్రీపెట్టె? పెదనాన్న ఒకటి చెబుతాడు, పక్కింటి అల్లుడు డాలస్ నుంచి ఫోన్లో ఇంకోటి చెబుతాడు. అద్దంకి–నార్కెట్‌పల్లి రోడ్డెక్కి శంషాబాద్‌కు బయల్దేరే దాకా సంగతి తేలదు. అందరూ చెప్పే ఈ మాటల్లో నిజమెంతో చూద్దాం.

అపోహ: అడాప్టర్ ఒకటి కొనుక్కుంటే ఏ దేశంలోనైనా మన వస్తువులు పనిచేస్తాయి.

వాస్తవం: అడాప్టర్ వల్ల మన పిన్నులు వాళ్ల ప్లగ్గులో పడతాయి, అంతే. కరెంటు మాత్రం ఆ దేశానిదే వస్తుంది. మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అమెరికా, కెనడాల్లో గోడ ప్లగ్గులో ఉండేది 120 వోల్టులు, 60 హెర్ట్జ్. జపాన్‌లో ఇంకా తక్కువ, 100 వోల్టులే. బ్రిటన్, జర్మనీ, ఆస్ట్రేలియా, సింగపూర్, దుబాయ్ వెళ్లేవాళ్లకు ఈ బాధ లేదు. అక్కడా మనలాగే 230 వోల్టులు, 50 హెర్ట్జ్. బ్రిటన్, దుబాయ్, సింగపూర్‌లలో దీర్ఘచతురస్రపు పిన్నులు మూడుంటాయి, ఆస్ట్రేలియాలో ఏటవాలు పిన్నులు. వాటికి తగ్గ మంచి అడాప్టర్ ఉంటే అద్దంకిలో కొన్న మిక్సీ లండన్‌లోనూ పచ్చడి రుబ్బుతుంది. కాబట్టి మిక్సీ పెట్టాలా వద్దా అని అడిగేముందు ఏ దేశం వెళ్తున్నారో అడగాలి.

అపోహ: ఎండాకాలంలో లో వోల్టేజీ వచ్చినా మన మిక్సీ తిరుగుతోంది కదా! అమెరికాలో కాస్త నెమ్మదిగా తిరుగుతుంది, అంతేగా?

వాస్తవం: మన లో వోల్టేజీకీ అమెరికా వోల్టేజీకీ చాలా తేడా ఉంది. అక్కడ వచ్చేది మనకు వచ్చేదాంట్లో దాదాపు సగమే. పైగా వేడి పుట్టించే వస్తువుల్లో వోల్టేజీ సగమైతే శక్తి సగం కాదు, నాలుగో వంతుకు పడిపోతుంది. మన 700 వాట్ల రైస్ కుక్కర్‌ను 120 వోల్టుల ప్లగ్గులో పెడితే 190 వాట్లే లాగుతుంది. నీళ్లు గోరువెచ్చనవుతాయి, బియ్యం నానుతాయి, అన్నం కాదు. ఇస్త్రీపెట్టె, కెటిల్, గీజర్ రాడ్డుదీ ఇదే తీరు.

మిక్సీ ఖాళీ జార్‌తో తిరిగినట్టే కనిపిస్తుంది. నానిన మినప్పప్పు వేయగానే మూలుగుతూ ఆగిపోతుంది. గ్రైండర్, ఫ్రిజ్ లాంటి వాటి సంగతి మన రైతులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. లో వోల్టేజీలో బోరు మోటారు ఎక్కువ కరెంటు లాగి వైండింగ్ కాలిపోవడం మిర్చి తోటల్లో, పత్తి చేలల్లో చూసిందే. ఆ రకం మోటారు ఏ దేశంలోనైనా అలాగే కాలుతుంది.

అపోహ: ఫ్రిజ్‌కు పెట్టే స్టెబిలైజర్ ఒకటి తీసుకెళ్తే సరిపోతుంది.

వాస్తవం: స్టెబిలైజర్ మన లైనులో వచ్చే హెచ్చుతగ్గులను సరిచేయడానికి చేసినది. 120ని 230కి ఎత్తడం దాని పని కాదు. దానికి స్టెప్ అప్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. 750 వాట్ల మిక్సీకి 750 వాట్ల ట్రాన్స్‌ఫార్మర్ చాలదు. మోటారు మొదలయ్యేటప్పుడు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి దాదాపు రెట్టింపు సామర్థ్యం ఉన్నది తీసుకోవాలి. అది మిక్సీ అంత బరువు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మారుస్తుందే గానీ హెర్ట్జ్‌ను మార్చదు. మిక్సీలో ఉండేది కార్బన్ బ్రష్షుల మోటారు, దానికి 50 అయినా 60 అయినా ఒకటే. వెట్ గ్రైండర్ మోటారు అలా కాదు, 60 హెర్ట్జ్‌లో ఐదో వంతు ఎక్కువ వేగంతో తిరుగుతుంది.

అపోహ: అయితే మన కరెంటు వస్తువులేవీ పనికిరావు. ఛార్జర్లు కూడా అక్కడే కొనుక్కోవాలి.

వాస్తవం: ఛార్జర్ వెనక సన్నటి అక్షరాల్లో ఉన్నది ఒకసారి చదవండి. ‘ఇన్‌పుట్: 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్’ అని ఉంటే అది ప్రపంచంలో ఎక్కడైనా పనిచేస్తుంది, పిన్నుకు అడాప్టర్ ఉంటే చాలు. ఫోను, ల్యాప్‌టాప్, కెమెరా ఛార్జర్లు దాదాపు అన్నీ ఇలాంటివే. ఇప్పుడు మిక్సీని బోర్లించి అడుగున ఉన్న రేకు చూడండి. అక్కడ 230 వోల్టులు అనో, 220–240 వోల్టులు అనో, 50 హెర్ట్జ్ అని ఉంటుంది. 100 నుంచి 240 దాకా అని ఉన్న వస్తువు అమెరికా వెళ్లొచ్చు, 230 లేదా 220–240 అని మాత్రమే ఉన్నది అమెరికాకు వద్దు. దేవుడి పటాలకు వేసే సీరియల్ లైట్ల సెట్టునూ సర్దేముందు ఇలాగే చూసుకోండి.

అపోహ: అమెరికాలో మన పచ్చళ్లు, పిండి రుబ్బే మిక్సీలు దొరకవు.

వాస్తవం: ఇరవై, ముప్పై ఏళ్ల కిందట వెళ్లినవాళ్లు చెప్పిన మాట ఇంకా తిరుగుతోంది. ఆ దేశపు బ్లెండర్లు పళ్లరసాలకు, సూపులకు చేసినవి, తక్కువ నీళ్లతో గట్టిపచ్చడి రుబ్బలేవన్నది నిజమే. అయితే ప్రీతి లాంటి మన కంపెనీలే అక్కడి కరెంటుకు సరిపోయే 110 వోల్టుల మిక్సీలు చేసి అక్కడ అమ్ముతున్నాయి. అల్ట్రా బ్రాండ్ వెట్ గ్రైండర్లలోనూ 110 వోల్టులవి ఉన్నాయి. 1974లో షికాగోలో ఒక్క కొట్టుగా మొదలైన పటేల్ బ్రదర్స్ ఇప్పుడు అనేక రాష్ట్రాల్లో ఉంది. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే డాలస్, న్యూజెర్సీలలో ఇలాంటి కొట్లకు కొదవ లేదు. అక్కడ కొన్నదానికి వారంటీ అక్కడే దొరుకుతుంది. ఇక్కడ కొన్న మిక్సీ వారంటీ చాలావరకు ఇండియాలోనే చెల్లుతుంది. ఇక్కడే కొని తీసుకెళ్లాలనుకుంటే 110 వోల్టుల మోడల్ కావాలని షాపులో గట్టిగా చెప్పండి, పెట్టె మీది మాట నమ్మకుండా అడుగున రేకు చూసి డబ్బులివ్వండి.

అపోహ: కాలేజీ హాస్టల్ గదిలో చిన్న కుక్కర్ పెట్టుకుంటే ఎవరు చూడొచ్చారు?

వాస్తవం: బ్రిటన్, అమెరికాల్లో చాలా యూనివర్సిటీ హాస్టళ్లు గదుల్లో వంట సామాను పెట్టనివ్వవు. పొగ వస్తే అలారం మోగి భవనమంతా ఖాళీ చేయాల్సి వస్తుంది. వంట చేసుకోవడానికి ఉమ్మడి వంటగది ఉంటుంది. నిబంధనలు ముందే మెయిల్లో వస్తాయి, సూట్‌కేసు సర్దకముందే చదువుకోవాలి.

అపోహ: పవర్‌బ్యాంక్ బరువుగా ఉంది, పెద్ద సూట్‌కేసులో వేసేద్దాం.

వాస్తవం: అది ఎప్పుడూ చేయకూడని పని. పవర్‌బ్యాంకులు, విడి లిథియం బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలన్నది అంతర్జాతీయ విమానయాన నియమం. విమానం పొట్టలో అవి అంటుకుంటే ఆర్పేవాళ్లుండరు. 100 వాట్ అవర్ల దాకా మామూలుగా తీసుకెళ్లొచ్చు, 100 నుంచి 160 దాకా ఎయిర్‌లైన్ అనుమతి కావాలి, ఆపైన కుదరదు. సాధారణంగా వాడే 20,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంక్ 74 వాట్ అవర్లు, కాబట్టి భయం లేదు. మిక్సీ జార్ బ్లేడ్ల సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. అవి చేతి సంచిలో ఉంటే సెక్యూరిటీ దగ్గర తీయించేస్తారు, పెద్ద సూట్‌కేసులోనే పెట్టాలి.

అపోహ: ఫోను ఫోనే. ఇక్కడ పనిచేసేది అక్కడా పనిచేస్తుంది.

వాస్తవం: చాలా ఫోన్లు పనిచేస్తాయి గానీ అన్నీ కాదు. అమెరికాలోని మూడు పెద్ద మొబైల్ కంపెనీలూ 2022లో 3జీ ఆపేశాయి. అప్పటి నుంచి మాట్లాడాలంటే ఫోను ఆ నెట్‌వర్క్‌లో 4జీ కాల్స్‌కు ఒప్పుకునేదై ఉండాలి. *#06# కొడితే వచ్చే ఐఎంఈఐ నంబరును ఆ కంపెనీ సైట్‌లో వేసి ఇక్కడి నుంచే చూసుకోవచ్చు. మన సిమ్ మాత్రం పారేయవద్దు. బ్యాంకు ఓటీపీలన్నీ ఆ నంబరుకే వస్తాయి కాబట్టి రెండు సిమ్‌ల ఫోను మేలు.

అపోహ: విమానంలో బరువు ఎక్కువైతే కొరియర్లో కొత్త సామాను పంపేద్దాం.

వాస్తవం: కొరియర్ కంపెనీలు బరువుతోపాటు పెట్టె కొలతలూ చూస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగించడం వాళ్ల మామూలు లెక్క. 50, 40, 40 సెంటీమీటర్ల పెట్టెలో ఎనిమిది కిలోలే ఉన్నా పదహారు కిలోలకు డబ్బు కట్టాలి. కస్టమ్స్ మినహాయింపులు కూడా కొత్త సామానుకు కాదు, వాడిన సామానుకే ఎక్కువ. నివాసం మార్చుకుని వచ్చేవాళ్లు కనీసం ఏడాది వాడిన ఇంటి సామానుకు అమెరికా సుంకం మినహాయిస్తుంది. బ్రిటన్‌లో వస్తువు ఆరు నెలలుగా మీ దగ్గర ఉండాలి, మీరు పన్నెండు నెలలుగా ఆ దేశం బయట నివసించి ఉండాలి.

అపోహ: అమెరికా నుంచి వచ్చేటప్పుడు అక్కడి కాఫీ మెషిన్, టీవీ తెచ్చుకుంటే లాభం.

వాస్తవం: కాఫీ మెషిన్ లాంటి వేడి పుట్టించే 120 వోల్టుల వస్తువును మన 230లో పెడితే దాదాపు మూడున్నర రెట్ల శక్తి లాగుతుంది. స్విచ్ వేసిన కాసేపటికే కాలిన వాసన వస్తుంది. ఇక ఫ్లాట్ టీవీలను 2013 ఆగస్టు 26 నుంచి మన కస్టమ్స్ ఉచిత పరిమితిలోంచి తీసేసింది. ఖరీదైన కెమెరా లాంటిది ఇక్కడి నుంచి తీసుకెళ్లి మళ్లీ తెచ్చుకునేవాళ్లు వెళ్లేటప్పుడే విమానాశ్రయం కస్టమ్స్‌లో ఎగుమతి సర్టిఫికెట్ తీసుకుంటే తిరిగొచ్చేటప్పుడు వాదించాల్సిన పని ఉండదు.

మొత్తం మీద లెక్క ఇది. వేడెక్కేవి, తిరిగేవి అమెరికా, కెనడాలకు వద్దు. ఛార్జయ్యేవి ఎక్కడికైనా సరే. 230 వోల్టుల దేశమైతే మిక్సీ కూడా వెళ్లొచ్చు, బరువు చూసుకోండి. అమ్మలూ, అత్తయ్యలూ, మిక్సీ మానేసి ఆ ఐదారు కిలోల చోటులో ఇంకో సీసా ఆవకాయ పెట్టండి. దానికి వోల్టేజీతో పని లేదు. మూత మాత్రం గట్టిగా బిగించి, రెండు కవర్లలో చుట్టి పెట్టండి.