కొబ్బరి నీడలో అజొల్లా: దాణా బస్తా తగ్గుతుందా?

పాత నూతి ఒరలకు, తేమ గోడలకు వేలాడే ఫెర్న్ మొక్కలను చూడని రైతు ఉండడు. అవి పువ్వు పూయవు, గింజ కట్టవు. నీడా తేమా ఉంటే చాలు, పెరుగుతాయి. నీటిమీద తేలే అజొల్లా కూడా ఆ కోవలోదే. చాలామంది నాచు అంటారు గానీ, అది నాచు కాదు. పిన్నేటా రకం మన దేశవాళీదే. దీని ఆకుల్లో కాపురముండే నీలి ఆకుపచ్చ నాచు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. అందుకే మాంసకృత్తులు ఎక్కువ.

ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతంలో కొబ్బరి చెట్లున్న చిన్న రైతుకు దీనికోసం వేరే చేను అక్కర్లేదు. ఎండ 35 డిగ్రీలు దాటితే అజొల్లా తట్టుకోలేదు కనుక పలచని నీడ కావాలి. అయితే గొయ్యి వరుసల మధ్యే తీయాలి. సరిగ్గా చెట్టు కింద తీస్తే మట్టో కాయో పడి షీటు చిరుగుతుంది. వేళ్లు పొడవకుండా అడుగున పాత గోనెలు పరవాలి.

రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు గొయ్యిలో ప్లాస్టిక్ షీటు పరచి, జల్లించిన మట్టి 10-15 కిలోలు చల్లాలి. రెండు కిలోల పేడ, 30 గ్రాముల సూపర్ ఫాస్ఫేటు నీళ్లలో కలిపి పోయాలి. నీరు నాలుగంగుళాలు నిలిచాక కిలో అజొల్లా వదలాలి. రెండు వారాల్లో గొయ్యి నిండుతుంది. అప్పటినుంచి రోజూ అరకిలో తీసుకోవచ్చు. అయిదు రోజులకోసారి కిలో పేడ, 20 గ్రాముల సూపర్ వేస్తుండాలి. పురుగు పడితే మందు కొట్టొద్దు. అంతా తీసేసి కొత్తగా మొదలెట్టడమే మేలు.

ఇక అసలు లెక్క. "అజొల్లా పెడితే దాణా కొననక్కర్లేదంట" అనే మాట ఊళ్లలో వినిపిస్తుంటుంది. తొందరపడొద్దు. కిలో పచ్చి అజొల్లాలో నీరే 930 గ్రాముల పైన ఉంటుంది, ఆరబెడితే మిగిలేది 50-70 గ్రాములు. కిలో దాణాకు సాటి రావాలంటే పదిహేను కిలోలకు తక్కువ కాదు. అంటే ముప్పై గోతులు! రెండు గేదెలున్న ఇంట్లో అది అయ్యే పనేనా? ఒక గొయ్యి పెరటి కోళ్లకు, దూడకు బాగా అక్కరకొస్తుంది. గేదెకైతే పేడ వాసన పోయేలా కడిగి, దాణాలో కలిపి కొంచెం కొంచెంగా అలవాటు చేయాలి. దాణా మానేస్తే మాత్రం పాలు తగ్గుతాయి.

కొల్లేరు డ్రెయిన్లలో తేలేది ఊరికే వస్తుంది కదా అని తెచ్చి పశువులకు వేయకండి. నీటిలోని సీసం, కాడ్మియం వంటి విషలోహాలను అజొల్లా తనలోకి పీల్చుకుంటుంది. శుభ్రమైన విత్తనం కోసం ఉండి, వెంకటరామన్నగూడెం కృషి విజ్ఞాన కేంద్రాల్లో అడగండి. ముందు ఒక్క గొయ్యి వేసి, నెలరోజులు రోజూ తూచి రాసుకోండి. రెండో గొయ్యి సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.