చమురు దిగ్బంధము – ఆబదాన్ నుండి బెయిరా వరకు

ఒక దేశముపై మరొక దేశమునకు ఆగ్రహము కలిగినప్పుడు సైన్యమును పంపుట ఒక మార్గము. దాని సరుకు కొనకుండుట, లేదా దానికి సరుకు అమ్మకుండుట మరొక మార్గము. ఈ రెండవదానికే ఆర్థిక ఆంక్షలని పేరు. ఇతర సరుకులపై విధించు ఆంక్షకును, చమురుపై విధించు ఆంక్షకును భేదము కలదు. చమురు నేల లోతున పుట్టి, సముద్రములు దాటి, శుద్ధియైన పిమ్మటగాని మన వాకిటికి రాదు. దానిని పుట్టినచోటనే ఆపనక్కరలేదు; మోయు ఓడనో, ఓడకు బీమా ఇచ్చువానినో, సొమ్ము చేతులు మార్చు బ్యాంకునో పట్టుకొన్న చాలును. అందుచేతనే రాజకీయవేత్తలకు ఈ ఆయుధముపై మోజు హెచ్చు. అది ఎంతవరకు పనిచేయునో తెలియుటకు రెండు పాత ఉదంతములను చూతము.

మొదటిది ఇరాన్ ఉదంతము. 1951 మార్చిలో ఇరాన్ పార్లమెంటు చమురు పరిశ్రమను జాతీయము చేసినది. అంతవరకు అది ఆంగ్లో-ఇరానియన్ కంపెనీ చేతిలో నుండెను. ఆ కంపెనీలో సగమునకు మించిన వాటా బ్రిటిష్ ప్రభుత్వమునది. ఆబదాన్‌లోని శుద్ధి కర్మాగారము నాడు ప్రపంచమున కెల్ల పెద్దది. కొలది వారములకే డాక్టర్ మొసాదిక్ ప్రధాని అయినారు. అక్టోబరు నాటికి బ్రిటిష్ ఉద్యోగులు ఆబదాన్ విడిచిపోయిరి. బావులున్నవి, యంత్రములున్నవి, పనివారున్నారు. చమురు మోసుకొనిపోవు ఓడలు మాత్రము లేవు. నాటి చమురు నౌకలలో అధికభాగము పాశ్చాత్య కంపెనీల అదుపులో నుండుటయే ఇందుకు కారణము. ధైర్యము చేసి కొనవచ్చినవారిని దావాలతో బెదరించిరి. 1952 జూన్‌లో ఇరాన్ చమురు నింపుకొని వచ్చుచున్న ‘రోజ్ మేరీ’ అను నౌకను ఏడెన్ రేవునకు మళ్లించిరి. అందలి చమురు కంపెనీదేనని మరుసటి జనవరిలో అచ్చటి న్యాయస్థానము తీర్పు చెప్పినది. వింత యేమనగా, 1952 జూలైలో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానము ఈ వివాదము తన పరిధిలోనిది కాదనెను. ఇరాన్ వ్యాజ్యము గెలిచినది. చమురు మాత్రము అమ్ముడుపోలేదు. 1953లో జపాన్‌లోని ఇదెమిత్సు కంపెనీ ‘నిష్షో మారు’ నౌకను ఆబదాన్‌కు పంపి చమురు తెచ్చుకొన్నది. కాని ఒక్క ఓడ ఏ మూలకు?

కువైట్, సౌదీ అరేబియా, ఇరాక్ దేశముల ఉత్పత్తి పెరిగి ఇరాన్ విడిచిన ఖాళీ నిండినది. కొనువారికి లోటు తెలియలేదు గనుకనే ఈ దిగ్బంధము నిలిచినదని మా అభిప్రాయము. ఇరాన్ ఖజానాకు మాత్రము చమురు రాబడి అడుగంటినది. 1953 ఆగస్టు 19న మొసాదిక్ ప్రభుత్వము కూలినది. కాని దానిని కూల్చినది చమురు కరవు ఒక్కటే కాదు. అమెరికన్, బ్రిటిష్ గూఢచారి శాఖల హస్తము అందున్నదని తరువాత వెలువడిన అమెరికా ప్రభుత్వ పత్రములే చెప్పుచున్నవి. కనుక ఆంక్ష గెలిచినదనుటకు మనము సంకోచింపవలసియున్నది. పైగా 1954 ఒడంబడికలో పాత కంపెనీకి నూటికి 40 పాళ్లే దక్కినవి. మరి 40 పాళ్లు అమెరికన్ కంపెనీలకు పోయినవి. దిగ్బంధము చేసినవాడొకడు, ఫలమందుకొన్నవాడు మరొకడు!

రెండవది రొడీషియా. 1965 నవంబరు 11న అచ్చటి అల్పసంఖ్యాక శ్వేతజాతి ప్రభుత్వము బ్రిటన్‌ను ధిక్కరించి స్వాతంత్ర్యము ప్రకటించుకొన్నది. డిసెంబరులో బ్రిటన్ చమురు నిషేధించినది. రొడీషియాకు సముద్రతీరము లేదు. పోర్చుగీసువారి మొజాంబిక్‌లోని బెయిరా రేవునుండి గొట్టము ద్వారా చమురు వచ్చుచుండెను. ఆ గొట్టము ఎండిపోయినచో వ్యవహారము ముగియునని తలచిరి. నెలలు కాదు, వారములు చాలునన్న భావమును ప్రధాని విల్సన్ 1966 జనవరిలో వెలిబుచ్చిరి. బ్రిటిష్ యుద్ధనౌకలు బెయిరా ఎదుట కావలి కాచినవి. 1966 ఏప్రిల్‌లో భద్రతామండలి వానికి అధికారమిచ్చినది. ఆ కావలి 1975 వరకు సాగెను. బెయిరా గొట్టము ఎండినది; రొడీషియా ఎండలేదు. దక్షిణాఫ్రికా మీదుగాను, మొజాంబిక్‌లోనే మరొక రేవగు లొరెన్సో మార్క్వెస్ మీదుగాను చమురు చేరుచునేయుండెను. తెచ్చినదెవరు? షెల్, బ్రిటిష్ పెట్రోలియం కంపెనీల అనుబంధ సంస్థలని 1978లో వెలువడిన బింగ్‌హాం విచారణ నివేదిక బయటపెట్టినది. ఈ బ్రిటిష్ పెట్రోలియం మరేదో కాదు, 1954లో పేరు మార్చుకొన్న ఆంగ్లో-ఇరానియనే. ముందువాకిలికి యుద్ధనౌకలు, దొడ్డివాకిలికి సొంత కంపెనీ సరుకు!

ఇటీవలి కాలమున ఓడలకన్న బీమా, బ్యాంకులు ముఖ్యమైనవి. 2012లో ఐరోపావారు ఇరాన్ చమురును మోయు నౌకలకు బీమా నిరాకరించినప్పుడు, మన దేశము యూకో బ్యాంకు ద్వారా కొంత సొమ్ము రూపాయలలో చెల్లించు ఏర్పాటు చేసికొన్నది. 2019లో అమెరికా మినహాయింపు తొలగింపగా ఆ కొనుగోళ్లు నిలిచినవి. 2022 డిసెంబరులో రష్యాపై ప్రయోగించిన ఉపాయము వేరు: చమురును ఆపలేదు, పీపాకు 60 డాలర్లకు మించి చెల్లించువారికి పాశ్చాత్యుల బీమా, నౌకలు దొరకవన్నారు. ఆపినచో ధర పెరిగి ఆపినవారికే భారమగునని వారి భయము. 2022కు ముందు మనము కొనిన ముడిచమురులో రష్యా వాటా స్వల్పము. 2023లో మూడవవంతుకు పైబడినది. ఈ వర్తకమునకై జెండాలు మార్చుకొన్న పాత ఓడల దండు ఒకటి సముద్రములపై తయారైనది. అందు పెక్కింటికి బీమా ఇచ్చినవారెవరో స్పష్టము కాలేదు. అట్టి ఓడ పగిలి చమురు ఒక తీరమున పడినచో, ఆ తీరమందలి పల్లెకారులు నష్టపరిహారమునకై ఏ దేశము తలుపు తట్టవలెను?