శ్రద్ధయే ప్రశ్నించింది: ఒక వీడియో గేమ్ కథలోని ధర్మసందేహం

శ్రద్ధ, ప్రశ్న అనే రెండింటినీ పరస్పర విరుద్ధాలుగా భావించడం మనలో చాలామందికి అలవాటు. శ్రద్ధ కలవాడు ప్రశ్నించడనీ, ప్రశ్నించేవాడికి శ్రద్ధ లేదనీ అనుకుంటాము. కఠోపనిషత్తు మాత్రం ఇందుకు భిన్నమైన దృశ్యంతో ఆరంభమవుతుంది. తండ్రి తన యాగంలో వట్టిపోయిన ముసలి ఆవులను దక్షిణగా ఇస్తూ ఉండడం చూసిన బాలుడు నచికేతుడిలో శ్రద్ధ ప్రవేశించిందట. ఆ శ్రద్ధ అతనిని మౌనంగా కూర్చోనివ్వలేదు. అదే అతని చేత తండ్రిని ప్రశ్నింపజేసింది.

ఈ విషయాన్ని ఈ మాసం భక్తుల ముందు ఉంచడానికి ఒక కారణం ఉంది. ఆలయంలో ఆదివారాలలో పిల్లలకు పురాణ కథలు చెప్పే సేవాభాగ్యం కొన్నేళ్ళుగా నాకు లభిస్తున్నది. ఆ తరగతికి వచ్చే ఒక బాలుడు ఇటీవల, "తాతగారూ, మేము ఆడే గేమ్‌లో గుడి పెద్దలు జనానికి తెలిసే అబద్ధం చెబుతారు. బయట కూడా అలా ఉంటుందా?" అని అడిగాడు. అక్కడే ఉన్న తల్లిదండ్రులు కొందరు కలవరపడ్డారు. ఇటువంటి ఆటలు పిల్లలను నాస్తికులుగా మారుస్తాయని వారి భయం. పిల్లవాడి ప్రశ్నకూ, పెద్దల భయానికీ సమాధానం చెప్పాలంటే ముందుగా ఆ కథ ఏమిటో తెలియాలి. అందుచేత పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని ఆ కథను ఆద్యంతం తెలుసుకున్నాను.

తీర్థయాత్రగా నడిచే కథ

ఆ ఆట పేరు ఫైనల్ ఫాంటసీ 10. జపాన్ దేశానికి చెందిన స్క్వేర్ సంస్థ 2001లో ప్లేస్టేషన్ 2 యంత్రం కోసం దీనిని విడుదల చేసింది. ఆ తరువాత కొత్త యంత్రాలకూ, కంప్యూటర్లకూ అనువుగా తిరిగి వెలువరించడంతో నేటి పిల్లలు కూడా ఆడుతున్నారు. వీడియో గేమ్ అంటే కేవలం తుపాకులు పేల్చడమే అనుకునే పెద్దలకు ఒక మాట చెప్పాలి. ఇందులో యుద్ధాలు ఉన్నప్పటికీ, కథ మాత్రం ఒక తీర్థయాత్ర.

కథ జరిగే కల్పిత లోకం పేరు స్పైరా. అక్కడ సముద్రంలో నుంచి ఒక మహాభయంకర ప్రాణి వచ్చి ఊళ్ళకు ఊళ్ళను తుడిచిపెట్టి పోతూ ఉంటుంది. దాని పేరు సిన్. ఆంగ్లంలో ఆ మాటకు పాపమని అర్థం. ఆ లోకంలో యెవన్ అనే మతం ఉన్నది. దాని ఆలయాలు దేశమంతటా ఉన్నాయి. పూర్వులు యంత్రాలను నమ్ముకుని గర్వించారనీ, ఆ పాపానికి శిక్షగానే సిన్ పుట్టిందనీ, ప్రజలు సంపూర్ణంగా ప్రాయశ్చిత్తం చేసుకున్ననాడు అది అంతరిస్తుందనీ యెవన్ బోధ.

అంతవరకు తాత్కాలికమైన ఉపశమనం ఒక్కటే మార్గం. ఆవాహకులు అనే దీక్షాపరులు ఆలయం నుంచి ఆలయానికి నడిచి, గర్భగృహంలో ప్రార్థించి, ఒక్కొక్క దివ్యశక్తిని సాధిస్తారు. చివరకు జానర్కాండ్ అనే శిథిల నగరానికి చేరి, అంతిమశక్తిని పొంది, దానితో సిన్‌ను సంహరిస్తారు. సంహరించిన ఆ ఆవాహకుడు కూడా ప్రాణం విడుస్తాడు. తరువాత కొంతకాలం ప్రశాంతి నెలకొంటుంది. ఆపైన సిన్ మళ్ళీ పుడుతుంది. వెయ్యేళ్ళలో ఈ యాత్రను సఫలం చేసినవారు అయిదుగురే. వారి విగ్రహాలు ఆలయాలలో పూజలందుకుంటూ ఉంటాయి.

కథానాయిక యూనా వయస్సు పదిహేడేళ్ళు. ఆమె తండ్రి బ్రాస్కా పదేళ్ళ క్రితం సిన్‌ను సంహరించి మరణించాడు. తండ్రి తెచ్చిన ప్రశాంతి ముగిసిపోవడం చూసి, తాను కూడా మరణిస్తానని తెలిసే, యూనా యాత్రకు బయలుదేరింది. ఆమెకు లోకహితమే తప్ప వేరు కోరిక లేదు. ఇంతటి శ్రద్ధ కలిగిన పాత్రను నిలిపిన కథను నాస్తిక కథ అని తోసివేయడం తొందరపాటు అవుతుంది.

దాచిన సత్యం

యాత్ర సాగుతున్నకొద్దీ యూనాకు కొన్ని సంగతులు తెలుస్తాయి. యంత్రాలు పాపమని బోధించే ప్రధానాలయంలోనే యంత్రాలు ఉన్నాయి. యంత్రాలు వాడుతారనే కారణంతో అల్ బెడ్ అనే జాతిని అందరూ వెలివేస్తారు. యూనా తల్లి ఆ జాతి స్త్రీయే. యాత్రలో యూనాకు రక్షకుడుగా వచ్చిన వక్కా అనే యువకుడు పరమభక్తుడు. అతని తమ్ముడు సిన్‌తో పోరాడుతూ, అల్ బెడ్ వారి యంత్రాయుధం చేతబట్టి మరణించాడు. నాటి నుంచి వక్కాకు ఆ జాతి అంటే ద్వేషం. తమ్ముడు పోయిన దుఃఖాన్ని మోయలేని ఆ మనిషికి, ద్వేషించదగిన వారిని ఆ బోధ చూపించింది. ఈ ఘట్టాన్ని మనం గుర్తుంచుకోవాలి.

యాత్ర చివర, జానర్కాండ్ శిథిలాలలో, యూనలెస్కా ఎదురవుతుంది. వెయ్యేళ్ళ క్రితం మొట్టమొదట సిన్‌ను సంహరించినది ఆమెయే. ఆమె ముఖతః అసలు సంగతి బయటపడుతుంది. ఆవాహకుడు ప్రేమించే వ్యక్తి ఒకరు తమను తాము అర్పించుకుంటే ఆ ఆత్మయే అంతిమశక్తి అవుతుంది. అది సిన్‌ను చంపుతుంది, చంపి తానే కొత్త సిన్‌గా మారుతుంది. కాబట్టి ఈ చక్రానికి అంతం లేదు. ప్రాయశ్చిత్తం ఏనాటికీ పూర్తి కాదు.

యూనలెస్కా దుర్మార్గురాలా? మా తరగతిలో పిల్లలు ఈ ప్రశ్న మీద రెండు వర్గాలుగా చీలిపోయారు. ఆమె ధనం కోసం అబద్ధం చెప్పలేదు. దుఃఖం తొలగించడం అసాధ్యమనీ, అటువంటప్పుడు జనానికి ఆశ అయినా మిగలాలనీ ఆమె నమ్మకం. ఆ ఆశను పట్టుకునే వేయి సంవత్సరాలు ప్రజలు పంటలు పండించుకున్నారు, పెళ్ళిళ్ళు చేసుకున్నారు, బిడ్డలను పెంచుకున్నారు. "అబద్ధమైనా వాళ్ళు బతికారు కదా" అని ఒక అమ్మాయి అన్నది. "ఆ అబద్ధానికి ప్రాణం ఇచ్చినవాళ్ళను అడగాలి కదా" అని మరొకరు బదులు చెప్పారు. రెండు మాటలలోనూ బరువు ఉన్నది.

యూనా మాత్రం ఆ ఆశను నిరాకరించింది. దుఃఖాన్ని మోస్తూనే బతుకుతాను కానీ అసత్యం మీద నిలిచిన ఓదార్పు నాకు వద్దని నిశ్చయించుకుంది. ఈ సంగతి తెలిసినప్పుడు యెవన్ మతాధిపతి మైకా ప్రవర్తన గమనించదగినది. అంతిమశక్తిని ఇచ్చేవారు ఇక లేరని వినగానే, లోకానికి ఆశను బోధించిన ఆ పెద్దాయన పూర్తిగా నిరాశపడి అదృశ్యమైపోయాడు. తాను బోధించిన ఆశ తనకే లేదన్నమాట.

అంతా అసత్యమేనా?

ఇక్కడ పిల్లలు సాధారణంగా ఒక నిర్ణయానికి వస్తారు. ఆలయం అబద్ధం, పూజ అబద్ధం, అంతా అబద్ధం అని. కథ అలా చెప్పలేదని నేను వారికి కథలో నుంచే చూపించాను.

మరణించినవారి ఆత్మలను సాగనంపడానికి యూనా నీటి మీద నృత్యం చేస్తూ ఒక క్రతువు జరుపుతుంది. ఆ క్రతువు కథ చివరి వరకు సత్యంగానే నిలుస్తుంది. సాగనంపకపోతే ఆత్మలు నిజంగానే శాంతి లేక ఘోరరూపాలు దాలుస్తాయి. గర్భగృహాలలో ఆత్మార్పణ చేసి నిలిచిన మహాత్ముల త్యాగం కూడా నిజమే. చివరకు యూనాకు తోడ్పడేది వారే. ఆలయాలలో వినిపించే కీర్తన కథ మరీ విచిత్రమైనది. ఆ పాట జానర్కాండ్‌లో పుట్టింది. యెవన్ పెద్దలు దానిని మొదట నిషేధించి, ఆ తరువాత తమ కీర్తనగా స్వీకరించారు. అంతిమయుద్ధ సమయంలో ఆలయం వారు, వెలివేయబడ్డవారు అనే భేదం లేకుండా అందరూ ఆ పాటనే ఆలపిస్తారు.

అంటే ఆ లోకంలో పవిత్రత నిజమే, దాని మీద పెద్దలు కట్టిన వివరణ మాత్రం నిజం కాదు. ఈ రెండింటినీ వేరు చేసి చూడగలగడమే వివేకం. 2003లో వచ్చిన తరువాయి కథలో స్పైరా ప్రజలు రెండు పక్షాలుగా చీలిపోతారు. పాతదాన్ని సంస్కరించి నిలుపుకోవాలని ఒక పక్షం, పూర్తిగా విడిచిపెట్టాలని మరొక పక్షం. అసత్యం బయటపడినంత మాత్రాన సమస్య తీరిపోదని కథకులు గ్రహించారు.

శ్రేయస్సు, ప్రేయస్సు

యూనా నిరాకరణ విన్నప్పుడు నాకు నచికేతుడే స్ఫురించాడు. మరణం తరువాత ఏమున్నదో చెప్పమని అతడు అడిగినప్పుడు యమధర్మరాజు వెంటనే చెప్పలేదు. పుత్రపౌత్రులను, గోసంపదను, ఏనుగులను, బంగారాన్ని, దీర్ఘాయువును ఇస్తాను, ఆ ఒక్కటి మాత్రం అడగవద్దు అన్నాడు. నచికేతుడు వాటిని కోరలేదు. మనసుకు హాయినిచ్చేది ప్రేయస్సు, మేలు చేసేది శ్రేయస్సు అనీ, ఈ రెండూ మనిషి ముందుకు వచ్చి నిలిచినప్పుడు ధీరుడు శ్రేయస్సునే ఎంచుకుంటాడనీ యముడు తరువాత అతనికి బోధించాడు. యూనలెస్కా ఇవ్వజూపిన ఆశ ప్రేయస్సే.

అయితే ఒక పెద్ద భేదం ఉన్నది. యెవన్ మతంలో ప్రశ్నించినవారు ద్రోహులయ్యారు. మన సంప్రదాయంలో ప్రశ్నించిన బాలుడు ఉపనిషత్తుకే నాయకుడయ్యాడు. మహాభారతంలో ద్యూతసభను తలచుకోండి. తనను తాను ఓడిపోయిన రాజుకు తనను పణంగా ఒడ్డే అధికారం ఎక్కడిది అని ద్రౌపది అడిగింది. ధర్మం సూక్ష్మమైనది, చెప్పలేకపోతున్నాను అన్నాడు భీష్ముడు. తక్కిన పెద్దలలో చాలామంది తల దించుకున్నారు. కౌరవులలో ఒకడైన వికర్ణుడు ఆమె పక్షాన మాట్లాడాడు. పెద్దల మౌనాన్ని వ్యాసులవారు దాచలేదు, సమర్థించలేదు. నేటికీ ఆలయ ప్రాంగణాలలోనే ఆ ఘట్టాన్ని పురాణంగా చెప్పుకుంటున్నాము. తన పెద్దల లోపాన్ని తన గ్రంథంలోనే పదిలపరచుకున్న సంప్రదాయం ఒక వీడియో గేమ్‌కు భయపడనవసరం లేదు.

మన ఇంట మనం అడగవలసినది

కనుక తల్లిదండ్రులకు నా మనవి ఇది. పిల్లవాడు ఇటువంటి ప్రశ్న తెచ్చినప్పుడు ఆటను లాక్కుని మందలించకండి. అలా చేస్తే యెవన్ పెద్దలు చేసిన పనినే మనమూ చేసినట్లవుతుంది, వాడి అనుమానాన్ని మనమే రుజువు చేసినవాళ్ళమవుతాము. ఆడే వేళకు హద్దు పెట్టండి, అడిగే ప్రశ్నకు మాత్రం హద్దు పెట్టకండి. కథలో ఏది అసత్యమో, ఏది చివరివరకు నిలిచిందో వాడి చేతనే చెప్పించండి. ఆపైన నచికేతుని కథ చెప్పండి.

పిల్లవాడు అడిగిన "బయట కూడా అలా ఉంటుందా?" అన్న ప్రశ్నకు నేను కొంతవరకు ఉంటుందనే జవాబిచ్చాను. ఆ జవాబుకు ఉదాహరణ కోసం దూరం పోనవసరం లేదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి దగ్గరకు పరామర్శకు వెళ్ళి, "ఏ జన్మలో చేసిన పాపమో తల్లీ" అని మనలో ఎంతమంది అనడం లేదు? కర్మసిద్ధాంతం మన నడవడిని మనం దిద్దుకోవడానికి పెద్దలు ఇచ్చిన దీపం. ఎదుటివారి దుఃఖానికి కారణం నిర్ణయించే అధికారం అది మనకు ఇవ్వలేదు. ఆ తల్లి కర్మఫలం ఏమిటో మనకు తెలియదు. తెలియనిదాన్ని తెలిసినట్లు చెప్పడం అసత్యమే, అది శాస్త్రం పేరిట చెప్పినా సరే. వక్కా దుఃఖాన్ని ద్వేషంగా మార్చిన బోధ అటువంటిదే. ఆ మాట విన్న తల్లి తన దుఃఖంతోపాటు చేయని నేరాన్ని కూడా మోస్తూ గుడి మెట్లెక్కుతుంది. కొందరు ఎక్కడమే మానివేస్తారు.

ఆమె వద్ద కూర్చోవడం, వంట చేసి పెట్టడం, పన్నెండు రోజులూ ఇంటిపనులలో చేయి వేయడం, ఆమె మాట్లాడితే వినడం, ఇవే మనం చేయగలిగినవి. "ఎందుకిలా జరిగింది" అని ఆమె అడిగితే "నాకు తెలియదమ్మా" అనడానికి సిగ్గుపడనక్కరలేదు. భీష్మపితామహుడంతటివాడే చెప్పలేకపోతున్నానన్నాడు. అయితే ఆయన అక్కడితో ఆగిపోయాడు. మనం ఆగకుండా, తెలియదని చెప్పిన తరువాత కూడా ఆమె పక్కనే ఉండాలి.

స్వస్తి.