కరెంటు వ్యానూ, నూటయాభై గదుల బ్యాటరీ

మా విడీ ఘర్కుల్‌లో తెల్లవారితే మొదట వినబడేది సాంచాల చప్పుడు. దాని వెనకాలే బడిపిల్లల వ్యాను హారను. ఆ వ్యాను నడిపేది మా సందు చివరింటి కుర్రవాడు. పొద్దున పిల్లల్ని బడిలో దింపి, ఆ తరవాత తువ్వాళ్ళ మూటలు, చాదర్ల కట్టలు వేసుకుని షోలాపూర్ బజారుకు వెళతాడు. సాయంత్రం మళ్ళీ పిల్లలు. మొన్న దసరా వెళ్ళాక ఒకనాడు మా అరుగు మీద కూర్చుని అడిగాడు.

"మామా, ఈ డీజిల్ బండి అమ్మేసి కరెంటు బండి తీసుకుందామనుకుంటున్న. అమ్మ బీడీలు చుట్టి కూడబెట్టిన పైసలున్నయి. మిగతాది లోను. నువ్వేమంటవు?"

ఊళ్ళోకి వెళ్ళిరావడమే మాకు పెద్ద ఖర్చు. బీడీ కార్మికుల ఇళ్ళు ఎప్పుడు కట్టినా ఊరి బయటే కట్టారు. 2006లో కుంభారి దగ్గర పదివేల ఇళ్ళు ఇచ్చారు. 2024 జనవరిలో అక్కడే రేనగర్‌లో మరో 15 వేల ఇళ్ళు ఇచ్చారు. ఇల్లు దక్కింది గాని బడి, బజారు, ఆస్పత్రి దూరమయ్యాయి. కాబట్టి బండి మాట వచ్చినప్పుడు తేలిగ్గా "కొనవోయ్" అనడానికి నాకు నోరు రాలేదు. ఒక తల్లి వేలికొసల మీద అరిగిన సొమ్ము అది. ఇలాంటి బండినే ముప్ఫై ఏళ్ళ కిందట అమెరికాలో ఒక పెద్ద కంపెనీ తయారుచేసింది. ముందు దాని కథ చెప్పాను.

ఆ కంపెనీ క్రైస్లర్. బండి పేరు టెవ్యాన్. అంతకుముందు కూడా కరెంటు బండ్లు లేకపోలేదు. కాని వాటిలో కొన్ని పాత బండిలోంచి ఇంజను పీకేసి, మోటారు బిగించి, వెనక సీటు కింద బ్యాటరీలు పేర్చినవి. ఇది అలా కాదు. అమెరికాలో పిల్లాపాపలతో తిరిగే కుటుంబాలు కొనుక్కునే డాడ్జ్ కారవాన్ మినీవ్యాను ఒళ్ళే తీసుకుని, కంపెనీయే కరెంటు బండిగా చేసి అమ్మింది. 1993 నుంచి 1995 దాకా చేసినవి మొత్తం 56 బండ్లు. కొన్నవాళ్ళు ఎక్కువగా కరెంటు సప్లై కంపెనీలే. 1998 నాటికి అమ్మే కార్లలో నూటికి రెండు పొగ రానివి ఉండాలని కాలిఫోర్నియా ప్రభుత్వం 1990లో నిబంధన పెట్టింది. పెద్ద కంపెనీలు కరెంటు బండ్ల వంక చూడడానికి అది ఒక ముఖ్య కారణం.

బండి సంగతులు మన కుర్రవాడు చెవులు రిక్కించి విన్నాడు. లోపల డి.సి. మోటారు, రెండే గేర్లు. మోటారు ఒక్కసారిగా 65 గుర్రాల బలం చూపిస్తుంది. కాని ఆగకుండా ఇవ్వగలిగింది 27 మాత్రమే. మిట్ట ఎక్కేటప్పుడు, ఎవరినైనా దాటేటప్పుడు ఆ పెద్ద అంకె అక్కరకు వస్తుంది. గంటల తరబడి లాగడానికి చిన్న అంకే లెక్క. ఈనాటి బండ్ల కాగితాల మీద కూడా ఈ రెండు అంకెలూ విడివిడిగా ఉంటాయి. అమ్మేవాడు పెద్దదే చెబుతాడు. టెవ్యాన్ గంటకు నూరు కిలోమీటర్ల పైన పోగలిగేది. వేగం తగ్గించినప్పుడు మోటారే డైనమోలా మారి కొంత కరెంటును బ్యాటరీకి తిరిగి పంపేది. సైకిలు డైనమో ఎరిగినవాళ్ళకు ఇది వేరే చెప్పనక్కరలేదు.

ఒకసారి చార్జి చేస్తే 80 మైళ్ళు, అంటే సుమారు 130 కిలోమీటర్లు. మన లెక్కలో చెప్పాలంటే షోలాపూర్ నుంచి తుల్జాపూర్ వెళ్ళి, భవానీమాత దర్శనం చేసుకుని, నిశ్చింతగా ఇంటికి రావచ్చు. పండరిపురం మాత్రం వెళ్ళి రావడం కుదరదు. తిరుగుదారిలో ఎక్కడో ఆగి, విఠలా అనుకోవలసిందే.

ఇక అసలు విషయం బ్యాటరీ. ఆరు వోల్టుల పెట్టెలు ముప్ఫై, వరసగా కలిపితే 180 వోల్టులు. రకం నికెల్-ఇనుము. ఇది ఎడిసన్ మహాశయుడు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కరెంటు కార్ల కోసమే తయారుచేసిన రకం. మొండి సరుకు. సరిగా చూసుకుంటే ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. అయితే దాని గుణాలు దానివి. వాడకుండా ఊరికే ఉంచినా చార్జి కారిపోతుంది. చార్జి చేసేటప్పుడు లోపలి నీరు వాయువులుగా విడిపోయి హైడ్రోజన్ బయటికి వస్తుంది, కనక గాలి ఆడాలి. పోయిన నీటికి బదులు డిస్టిల్డ్ వాటర్ పోయాలి. ఒక్కో పెట్టెలో అయిదు గదులు, అంటే మొత్తం నూటయాభై. గదిగదికీ మూత తీసి పోయడం ఎవరి తరం? అందుకని ఒకేచోట పోస్తే గొట్టాల ద్వారా అన్నిటికీ చేరే ఏర్పాటు పెట్టారు. తెలివైన పనే. కాని అంత ఏర్పాటు అవసరం కావడమే ఆ బ్యాటరీ ఎంత పేచీకోరో చెబుతోంది. తరవాత కొన్ని బండ్లకు నికెల్-కాడ్మియం రకం వేశారు. అది ఖరీదు, పైగా కాడ్మియం విషం.

బండి ధర సుమారు లక్షా ఇరవై వేల డాలర్లు. ఆనాటి మారకంలో 35 లక్షల రూపాయల పైమాట. అదే కారవాన్ పెట్రోలుది దానిలో ఆరో వంతుకు కూడా రాదు. ఆ డబ్బు పెట్టి ఏ సంసారి కొంటాడు? 1996లో కాలిఫోర్నియా ఆ 1998 గడువు ఎత్తేసింది. క్రైస్లర్ మరునాడే వదిలిపెట్టలేదు. 1997లో ఎపిక్ అనే రెండో బండి తెచ్చింది. మొదట సీసం బ్యాటరీ, తరవాత నికెల్-మెటల్ హైడ్రైడ్. అది కూడా సంస్థలకే, లీజు మీదే ఇచ్చారు.

మన దేశంలోనూ ఇంచుమించు ఇదే జరిగింది. 1999లో మహీంద్రా వారు బిజిలీ అనే మూడు చక్రాల కరెంటు బండి తెచ్చారు. దానికోసం కోయంబత్తూరులో కార్ఖానా కూడా పెట్టారు. గిరాకీ లేక 2004లో మూసేశారు. నన్నడిగితే అక్కడా ఇక్కడా మోటారు తప్పు లేదు. మోటారు అప్పుడే బాగుంది. కిలో బరువుకు సీసం బ్యాటరీ 30, 40 వాట్-గంటలు దాచుకుంటుంది. నికెల్-ఇనుము ఏ 50కో కాస్త అటూ ఇటూ. ఈనాటి లిథియం గదులు 150 దాకా, కొన్ని ఇంకా పైకి. ఆనాటి బండి తన బలంలో చాలా భాగం తన బ్యాటరీని మోయడానికే ఖర్చు చేసుకున్నట్టు లెక్క.

ఆ బిజిలీ చేసినవారే ఇప్పుడు మన హైదరాబాదు రోడ్డు మీదనే, జహీరాబాదులో, లిథియం బ్యాటరీల మూడు చక్రాల బండ్లు చేస్తున్నారు. అక్కడ కరెంటు బండ్ల కోసం వెయ్యి కోట్లు పెడతామని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్నారు. వారి ట్రియో ఆటోలో ఉన్నది 48 వోల్టులు, 7.37 యూనిట్ల బ్యాటరీ. ఖాళీ అయినదాన్ని నింపాలంటే మీటరు ఎనిమిది తొమ్మిది యూనిట్లు తిరుగుతుంది. నీళ్ళు పోసే పని లేదు.

ఇంత విని కుర్రవాడు, "అయితే కొనమంటవా, మామా?" అన్నాడు. కొనమనలేదు, వద్దనలేదు. ఒక కాగితం మీద రాసిచ్చాను: బ్యాటరీకి హామీ ఎన్నేళ్ళు, ఎన్ని కిలోమీటర్లు? హామీ అయ్యాక కొత్తది ఎంత? పిల్లలు నిండుగా ఎక్కితే నిజంగా ఎంత దూరం పోతుంది, మే నెల ఎండలో ఎంత? చెడితే బాగుచేసేవాడు షోలాపూర్‌లోనే ఉన్నాడా? మన ఇంటి మీటరు, వైరింగు రాత్రంతా ఆ లోడు తట్టుకుంటాయా?

లోపల చేటలో ఆకు కత్తిరిస్తున్న వాళ్ళమ్మ అంతసేపూ మాట్లాడలేదు. మా మాటలయ్యాక తలెత్తి, "లోను తీరకముందే బండి మూలకు పడితే, ఆ పాత బ్యాటరీ ఎవలు కొంటరు, అన్నా?" అంది.

ఆ ప్రశ్న నా కాగితంలో లేదు. అడుగున రాసుకున్నాను. సోమవారం ఇద్దరం షోరూముకు వెళుతున్నాం.