రెండోసారి రక్తం ఎందుకు తీస్తారు?

తెల్లవారుజామున మూడు గంటలు. మీ నాన్నగారు మంచం మీద లేచి కూర్చుని ఛాతీ రుద్దుకుంటున్నారు. "ఏం లేదు, గ్యాసు" అంటారు. మీరు వామునీళ్లు ఇస్తారు. చెమటలు మాత్రం ఆగవు. చివరికి 108కి ఫోను చేసి ఆస్పత్రికి చేరుస్తారు. అక్కడ ఇ.సి.జి. తీస్తారు, రక్తం తీస్తారు. ఇ.సి.జి.లో ఏమీ తేలదు. రక్తపరీక్ష నార్మల్ అంటారు. హమ్మయ్య అనుకుని మీరు చెప్పుల కోసం చూస్తుంటే, నర్సు మళ్లీ సిరంజి పట్టుకొస్తుంది. బాగుందన్నాక మళ్లీ ఎందుకు, బిల్లు పెంచడానికా అని మీకు కోపం వస్తుంది.

ఆ కోపంతో రోగిని ఇంటికి తీసుకుపోకండి.

గుండె కండరంలో ట్రోపోనిన్ అనే ప్రొటీను ఉంటుంది. గుండె రక్తనాళం మూసుకుపోయి కండరం చచ్చిపోతుంటే అది రక్తంలోకి వస్తుంది. అయితే వెంటనే రాదు. పాత తరహా ట్రోపోనిన్ పరీక్షకు దొరకాలంటే మూడు నుంచి ఆరు గంటలు పట్టేది. నొప్పి వచ్చిన అరగంటకే పరిగెత్తుకొచ్చినవారికి పరీక్ష బాగానే ఉంటుంది, గుండె బాగుండకపోవచ్చు!

పూర్వం ఇంతకన్నా కష్టంగా ఉండేది. 1954లో వచ్చిన ఎస్.జి.ఒ.టి. పరీక్ష గుండెపోటులోనే కాదు, కాలేయం చెడినా పెరిగేది. తరవాత సి.కె.-ఎం.బి. వచ్చింది. 2000 సంవత్సరంలో యూరప్, అమెరికా హృద్రోగ సంఘాలు ట్రోపోనిన్‌కే పెద్దపీట వేశాయి. ఇప్పటి హై సెన్సిటివిటీ పరీక్ష మరీ సూక్ష్మమైనది. ట్రోపోనిన్-టి అయితే లీటరు రక్తంలో 14 నానోగ్రాములు దాటితే ఎక్కువ కింద లెక్క. నానోగ్రామంటే గ్రాములో వందకోట్లవ వంతు. ఈ పరీక్ష ఉన్నచోట రెండోసారి రక్తం తీయడానికి ఒకటి నుంచి మూడు గంటలు ఆగితే చాలు. పాత పరీక్షే ఉన్న ఊళ్లలో ఇంకా ఎక్కువసేపు ఉండమంటారు. ఉండండి.

డాక్టరు చూసేది ఒక్క అంకెను కాదు, రెండింటి మధ్య తేడాను. మూత్రపిండాల జబ్బు ఉన్నవారిలో ట్రోపోనిన్ ఎప్పుడూ కాస్త ఎక్కువే ఉండవచ్చు. అది కదలకుండా ఉంటే ఒక అర్థం, గంటగంటకూ పెరుగుతుంటే మరో అర్థం. రెండుసార్లూ నార్మల్ వచ్చినా గుండెజబ్బు అసలు లేదని కాదు. కండరం దెబ్బతినకుండా నాళం సన్నబడి ఉండవచ్చు. తరవాత ఏ పరీక్షలు కావాలో అడిగి తెలుసుకోండి.

ఇంకొక సంగతి. ఇ.సి.జి.లోనే గుండెపోటు స్పష్టంగా కనిపిస్తే డాక్టర్లు రక్తపరీక్ష ఫలితం కోసం ఆగరు, వెంటనే చికిత్స మొదలుపెడతారు. కాబట్టి నొప్పితో ఉన్న మనిషిని వీధి చివరి ల్యాబుకు తీసుకెళ్లి, "ట్రోపోనిన్ చూపించి అప్పుడు ఆస్పత్రికి వెళదాం" అనుకోవడం చాలా ప్రమాదం. మధుమేహం ఉన్నవారికి, ఆడవారికి, వయసు మళ్లినవారికి నొప్పి స్పష్టంగా ఉండకపోవచ్చు. ఆయాసం, చెమటలు, వాంతి, దవడ లాగడం మాత్రమే ఉండవచ్చు.

ఆస్పత్రిలో అడగకముందే ఒక మాట చెప్పండి: నొప్పి సరిగ్గా ఎన్ని గంటలకు మొదలైందో. "రాత్రి నుంచీ" అంటే చాలదు. మొదటి రక్తపరీక్షను ఎంతవరకు నమ్మాలో డాక్టరు ఆ గడియారాన్ని బట్టే నిర్ణయిస్తారు. ఇంట్లో పాత ఇ.సి.జి. ఉంటే అదీ పట్టుకెళ్లండి. వెతకడానికి ఆలస్యమయ్యేట్టుంటే వదిలెయ్యండి, తరవాత ఎవరైనా తెస్తారు.